యూగ్లీనా ఎవరి చుట్టం? పరీక్షకు ఏం రాయాలి, అసలు సంగతి ఏమిటి?

బల్లార్షా_బీఎస్సీ
అందరికీ నమస్కారం. మాది బల్లార్‌పూర్. చంద్రపూర్‌లో బీఎస్సీ రెండో సంవత్సరం చదువుతున్నాను. బాటనీ మేడం యూగ్లీనాను (చెరువు నీళ్లలో ఉండే ఆకుపచ్చ ఏకకణ జీవి) శైవలాల్లో చెప్పారు. జువాలజీ సార్ దాన్నే ప్రోటోజోవాలో (ఏకకణ జంతువుల్లో), మాస్టిగోఫోరా కింద, ట్రిపనోసోమా అనే రక్తపు పరాన్నజీవితో కలిపి చెప్పారు. పదకొండో తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం తీసి చూస్తే యూగ్లీనాది ఒక గుంపు, ట్రిపనోసోమాది ఇంకో గుంపు, క్లామిడోమోనాస్ అయితే ఏకంగా మొక్కల రాజ్యంలో ఉంది. ఈ మూడింటికీ కశాభాలు (ఈదడానికి వాడే కొరడాలాంటి తోకలు) ఉన్నాయి కదా! ఒకే జీవి రెండు సబ్జెక్టుల్లో రెండు చోట్ల ఎలా ఉంటుంది? వచ్చే నెలలో పరీక్ష. టెన్షన్‌గా ఉంది. ఎవరైనా కాస్త చెప్పండి.

సిరోంచ_మాస్టారు
అమ్మాయ్, పరీక్ష వరకైతే ఇది చిన్న విషయమే. జువాలజీ పేపర్లో జువాలజీ సిలబస్, బాటనీ పేపర్లో బాటనీ సిలబస్ రాసేసెయ్. మార్కులు వేసేవాళ్లకు అంతకన్నా అక్కర్లేదు.

ఈ గందరగోళం ఎక్కడిదంటే, 1880ల్లో ఓటో బూచ్‌లీ అనే జర్మన్ శాస్త్రవేత్త ప్రోటోజోవాను నాలుగు భాగాలు చేశాడు. మిథ్యాపాదాలతో పాకేవి సార్కోడినా, కశాభంతో ఈదేవి మాస్టిగోఫోరా, శైలికలు (పొట్టి వెంట్రుకల్లాంటివి) ఉన్నవి ఇన్ఫ్యుసోరియా, సిద్ధబీజాలతో పుట్టే పరాన్నజీవులు స్పోరోజోవా. అంటే ఎలా కదులుతుందో చూసి పెట్టె కట్టడం. మాస్టిగోఫోరాను మళ్లీ రెండు చేశారు. ఆకుపచ్చవి ఫైటోమాస్టిగోఫోరా, పచ్చదనం లేనివి జూమాస్టిగోఫోరా. పచ్చవాటిని బాటనీ వాళ్లు మావన్నారు, జువాలజీ వాళ్లు వదల్లేదు. 1980లో ఒక అంతర్జాతీయ కమిటీ సవరించినప్పుడు కూడా సార్కోమాస్టిగోఫోరా అని కశాభజీవుల్నీ అమీబాల్నీ ఒకే వర్గంలో పెట్టింది. మన డిగ్రీ పుస్తకాలు చాలావరకు అక్కడే ఆగాయి. నేను ఉద్యోగం చేసినన్నాళ్లూ అదే చెప్పాను. పిల్లలకు గుర్తుపెట్టుకోవడం సులువు కూడా.

అహేరి_అక్క
మాస్టారు గారికి నమస్కారం. మాది అహేరి, ఇప్పుడు హైదరాబాద్‌లో పరిశోధన చేస్తున్నాను. సులువన్న మాట నిజమే కానీ సార్, ఆ పెట్టె అడుగే లేదు. బీఎస్సీ చెల్లీ, నీకు సూటిగా చెప్తాను.

కశాభజీవులు అనే కుటుంబం ప్రకృతిలో లేదు. నిజకేంద్రక జీవులన్నిటికీ (కణంలో కేంద్రకం ఉన్నవాటికి) ఉమ్మడి పూర్వీకుడికే కశాభం ఉంది, బహుశా రెండు ఉండేవి. దాని లోపల తొమ్మిది జతల సూక్ష్మనాళికలు చుట్టూ, రెండు మధ్యలో ఉండే అమరిక యూగ్లీనాలోనూ అదే, క్లామిడోమోనాస్‌లోనూ అదే, మన శ్వాసనాళంలో కఫాన్ని పైకి తోసే శైలికల్లోనూ అదే. తాతగారి రాగి బిందె ఏ మనవళ్ల ఇళ్లలో మిగిలిందో చూసి వాళ్లంతా ఒక కుటుంబం, బిందె అమ్ముకున్నవాళ్లు వేరే కుటుంబం అంటే ఎలా ఉంటుందో మాస్టిగోఫోరా అలా ఉంటుంది. తాత అందరికీ తాతే. అమ్ముకున్నవాడు ఉంచుకున్నవాడికి సొంత తమ్ముడు కావచ్చు.

కాబట్టి నువ్వు చెప్పిన మూడూ ఒకే గుంపు కాదు. క్లామిడోమోనాస్ నిజంగానే మొక్కల శాఖ. యూగ్లీనా, ట్రిపనోసోమా మాత్రం దగ్గరి దాయాదులు. ఎన్‌సీఈఆర్‌టీ విడదీసింది ఆ ఇద్దరినే!

బల్లార్షా_బీఎస్సీ
అక్కా, ఒకటి చెరువులో ఎండకు బతికే పచ్చ జీవి, ఇంకొకటి రక్తంలో ఉండే రోగక్రిమి. ఇవి దగ్గరి చుట్టాలని ఎలా చెప్తున్నారు? మా సార్‌ని అడిగితే "రుజువు?" అంటారు.

అహేరి_అక్క
అడగాల్సిందే.

ముందు పచ్చదనం సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే అసలు చిక్కంతా దానివల్లే. యూగ్లీనాకు హరితరేణువు పుట్టుకతో వచ్చిన ఆస్తి కాదు. దాని పూర్వీకుడు ఒక ఆకుపచ్చ శైవలాన్ని మింగి, జీర్ణం చేసుకోకుండా లోపలే ఉంచుకున్నాడు. అందుకే దాని హరితరేణువు చుట్టూ మూడు పొరలు ఉంటాయి, మొక్కల్లో రెండే. స్ట్రెప్టోమైసిన్ వేస్తే యూగ్లీనా గ్రాసిలిస్ హరితరేణువుల్ని శాశ్వతంగా పోగొట్టుకుంటుంది. కానీ చావదు, ఆహారం దొరికితే తిని బతుకుతుంది, పిల్లలు కూడా తెల్లగానే పుడతాయి. పైగా యూగ్లీనా బంధువుల్లో చాలావాటికి అసలు హరితరేణువే లేదు. పెరనీమా లాంటివి తోటి సూక్ష్మజీవుల్ని వేటాడి మింగుతాయి. పచ్చరంగును బట్టి బాటనీలో వేయడం ఎందుకు నిలవదో దీన్నిబట్టి తెలుస్తుంది.

ఇక చుట్టరికం. యూగ్లీనా కశాభాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో అడ్డంగా కోసి చూస్తే, మామూలు నాళికల పక్కన ప్రోటీన్‌తో అల్లిన కడ్డీ ఒకటి కనిపిస్తుంది. ట్రిపనోసోమా కశాభంలోనూ అదే కడ్డీ, అదే చోట. క్లామిడోమోనాస్‌లో అది లేదు. మైటోకాండ్రియా (కణానికి శక్తినిచ్చే భాగం) లోపలి మడతలు మనలో బల్లపరుపుగా ఉంటే, ఈ రెండింటిలోనూ మెడ సన్నగా ఉన్న చక్రాల్లా ఉంటాయి. ఆర్‌ఎన్‌ఏ తయారీలోనూ వింత ఉంది. దాదాపు ప్రతి సందేశపు ఆర్‌ఎన్‌ఏ తలకు ఒకే చిన్న ముక్కను తెచ్చి అతికిస్తాయి, రెండూ. ఈ పోలికలన్నీ ఒకే చోట ఉన్నాయి కాబట్టి యూగ్లీనోజోవా అన్న గుంపును ఎవరూ కదిలించలేకపోయారు. డీఎన్‌ఏ పోల్చి గీసిన వంశవృక్షాలు, అంటే డీఎన్‌ఏ చెట్లు కూడా అదే చెప్పాయి.

సిరోంచ_మాస్టారు
ఆర్‌ఎన్‌ఏ తలకు ముక్క అతికించడం డైనోఫ్లాజెల్లేట్లలో కూడా ఉందని చదివాను. నులిపురుగుల్లోనూ ఉందంటారు. అలాగైతే వాటినీ యూగ్లీనాకు చుట్టాలు చేస్తారా?

అహేరి_అక్క
బాగా పట్టుకున్నారు సార్. ఆ ఒక్కటే ఉంటే నేను రుజువుగా చెప్పేదాన్ని కాదు. విడివిడిగా చాలాసార్లు పుట్టే లక్షణం అది. కడ్డీ, చక్రాకారపు మడతలు, జన్యువుల వరస, అన్నీ ఒకే వైపు చూపించడమే బలం.

రాజురా_పశువైద్యం
ట్రిపనోసోమా పేరు కనిపించాక ఊరుకోలేకపోతున్నాను. పుస్తకాల్లో ఆఫ్రికా, సెట్సీ ఈగ, నిద్రజబ్బు అని రాసి వదిలేస్తారు. మన కొట్టాల్లో ఉన్నదాని గురించి ఒక్క లైను ఉండదు.

జబ్బు చేసే ట్రిపనోసోమాల్లో మొట్టమొదట దొరికింది మన ఉపఖండంలోనే. 1880లో గ్రిఫిత్ ఇవాన్స్ అనే సైనిక పశువైద్యుడు అప్పటి పంజాబ్‌లోని డేరా ఇస్మాయిల్ ఖాన్‌లో గుర్రాల, ఒంటెల రక్తంలో దాన్ని చూశాడు. అదే ట్రిపనోసోమా ఇవాన్సై. జబ్బు పేరు సర్రా. గుర్రానికి వస్తే ప్రాణం మీదికే. ఆవులు, బర్రెల్లో చాలాసార్లు పైకి తెలియదు, ఉన్నట్టుండి జ్వరం, పాలు తగ్గడం, రక్తహీనత, కొన్ని గిరగిరా తిరిగి పడిపోతాయి. వ్యాపింపజేసేది సెట్సీ కాదు, మన జోరీగ. ఒక పశువును కుట్టి, మూతికి తడి ఆరకముందే ఇంకోదాన్ని కుడుతుంది, అంతే.

ఇక మన జిల్లా సంగతి. ఈ ఇవాన్సై మనిషికి సోకదనే అందరూ అనుకునేవారు. చంద్రపూర్ జిల్లా సిందేవాహీ తాలూకాలో ఒక రైతుకు నెలల తరబడి వచ్చిపోయే జ్వరం. రక్తంలో చూస్తే ట్రిపనోసోమా. మన దేశంలో మనిషికి ఇది సోకినట్టు నిర్ధారణ అయిన మొదటి కేసు అది, 2005లో పత్రికలో అచ్చయింది. పశువుల రక్తం గాయానికి తగిలి ఉంటుందని అనుమానించారు. సురామిన్ మందుతో తగ్గింది. తర్వాత ఊళ్లో మిగతావాళ్లకు పరీక్షలు చేస్తే ఎవరి రక్తంలోనూ క్రిమి కనిపించలేదు.

చంద్రపూర్_బాబాయి
ఇంతకాలం చంద్రపూర్‌లో ఉంటూ ఈ సంగతి ఎప్పుడూ వినలేదు! మరి ఆ ఒక్కడికే ఎందుకు వచ్చింది?

అహేరి_అక్క
ఇది వర్గీకరణకు సంబంధం లేని ప్రశ్నలా ఉంది కానీ నేరుగా దాంట్లోకే వెళ్తుంది బాబాయి గారూ.

మన రక్తంలో అపోఎల్1 అనే ప్రోటీన్ ఉంది. అది ట్రిపనోసోమా లోపలికి చేరి, దాని లైసోజోమ్ (కణం లోపల జీర్ణం చేసే సంచి) పొరకు రంధ్రాలు చేసి చంపేస్తుంది. అందుకే ఆఫ్రికా పశువులను చంపే ట్రిపనోసోమా బ్రూసీ బ్రూసీ మనిషిని ఏమీ చేయలేదు. నిద్రజబ్బు తెచ్చే రొడీసియెన్స్ అనే ఉపజాతికి మాత్రం ఆ ప్రోటీన్‌కు విరుగుడుగా ఒక జన్యువు ఉంది. చంద్రపూర్ రైతు విషయంలో క్రిమి కొత్తగా బలపడిందేమో అని చూశారు. కాదు. ఆయనకే రెండు ప్రతుల్లోనూ అపోఎల్1 జన్యువు దెబ్బతిని ఉంది, ప్రోటీనే తయారుకాలేదు. 2006లో ఇది తేలింది.

వర్గీకరణ ఎక్కడొచ్చిందంటే, ఇవాన్సై అసలు బ్రూసీ నుంచి విడిపోయిందే. ట్రిపనోసోమాల మైటోకాండ్రియాలో కైనెటోప్లాస్ట్ అని డీఎన్‌ఏ ముద్ద ఉంటుంది. అందులో పెద్ద వలయాలు, చిన్న వలయాలు ఉంటాయి. సెట్సీ ఈగ కడుపులో బతకాలంటే పెద్ద వలయాల్లోని జన్యువులు కావాలి. ఇవాన్సై ఆ పెద్ద వలయాల్ని పోగొట్టుకుంది. ఈగలో పెరగడం దానికి ఇక చేతకాదు, కానీ ఈగ మూతి మీద తడిగా ప్రయాణించడానికి ఏ జన్యువూ అక్కర్లేదు కదా. అలా సెట్సీ లేని ఎన్నో దేశాలకు పాకింది. అది బ్రూసీకి అంత దగ్గరిది కాబట్టే మనిషి రక్షణ ఎక్కడ తెగిందో వెతకడానికి అపోఎల్1 వైపు చూడాలని తట్టింది, ఆఫ్రికా నిద్రజబ్బుకు వాడే సురామిన్ ఇక్కడ పనికొచ్చింది.

చంద్రపూర్_బాబాయి
బాగుంది. అయినా నాదొక మాట. పదేళ్లకోసారి పేర్లు మారుస్తారు, పిల్లలు మళ్లీ మొదటినుంచి బట్టీ పట్టాలి. ఈ శాస్త్రవేత్తలకు వేరే పనేమీ లేదా అనిపిస్తుంది. రెవెన్యూ వాళ్లు తాలూకాలు విడగొట్టినట్టు ఉంది.

భామ్రాగఢ్_ల్యాబ్
బాబాయి గారూ, గడ్చిరోలిలో మలేరియా స్లైడ్లు చూసే మాలాంటి వాళ్లకు ఆ పేర్ల మార్పు వల్లే ఒక విషయం అర్థమైంది.

పాత పుస్తకంలో మలేరియా క్రిమి ప్లాస్మోడియం స్పోరోజోవా. కశాభజీవులతో సంబంధం లేదు. కానీ లావెరాన్ అనే ఫ్రెంచ్ సైనిక వైద్యుడు 1880లో అల్జీరియాలో ఒక సైనికుడి రక్తంలో మలేరియా క్రిమి ప్రాణమున్నదని గుర్తుపట్టింది దేన్ని చూసి? అందులోంచి కొరడాల్లా విసురుతున్న కశాభాల్ని చూసే. మగ బీజకణాలు బయటికొచ్చే దశ అది. మామూలుగా దోమ కడుపులో జరుగుతుంది, రక్తం చల్లబడితే స్లైడ్ మీద కూడా జరుగుతుంది. మేము ఎండబెట్టి రంగువేసిన స్లైడ్లు చూస్తాం కాబట్టి మాకు కనబడదు.

ఇప్పటి చెట్టులో ప్లాస్మోడియంకు దగ్గరి దాయాదులు డైనోఫ్లాజెల్లేట్లు. సముద్రాన్ని ఎర్రగా మార్చే రెండు కశాభాల జీవులు. ప్లాస్మోడియం లోపల కూడా పాడుబడిన హరితరేణువు ఒకటి ఇప్పటికీ ఉంది, అపికోప్లాస్ట్ అంటారు. కిరణజన్య సంయోగక్రియ చేయదు కానీ అది లేకపోతే క్రిమి బతకదు. డాక్సీసైక్లిన్ మలేరియా మీద పనిచేసేది దాన్ని దెబ్బతీసే. బ్యాక్టీరియా మందు మలేరియా మీద ఎందుకు పనిచేస్తుందో నాకు ట్రైనింగ్‌లో ఎవరూ చెప్పలేదు.

అహేరి_అక్క
ఇంకొకటి కలపండి. 2008లో క్రోమెరా అనే జీవి గురించి బయటపెట్టారు, సిడ్నీ రేవు పగడాల్లో దొరికింది. ప్లాస్మోడియం బంధువు, కానీ హరితరేణువు చక్కగా పనిచేస్తోంది. మలేరియా క్రిమి తాతలు ఎండ తిని బతికినవాళ్లే అనడానికి అంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

దసలి_రైతు
నేను చదువుకున్నది తక్కువ, తప్పుంటే క్షమించండి. సిరోంచ వైపు మద్ది చెట్ల మీద దసలి పట్టు వేస్తాం. పెబ్రిన్ రోగం వస్తే పంట మొత్తం పోతుంది. ట్రైనింగ్‌కు వచ్చిన సార్ "ఇది ప్రోటోజోవా రోగం" అన్నారు. మొన్న ఇంకో సార్ "శిలీంధ్రం" అన్నారు. ఏది నిజం? అది కూడా ఈ తోకల గుంపేనా?

అహేరి_అక్క
క్షమాపణ ఎందుకన్నా, మంచి ప్రశ్న అడిగారు. దానికి తోక లేదు. కానీ ఈ చర్చలో దానికి పెద్ద పాత్రే ఉంది.

పెబ్రిన్ తెచ్చేది నోసీమా, మైక్రోస్పోరిడియా గుంపు. 1983లో కావలియర్-స్మిత్ అనే బ్రిటిష్ శాస్త్రవేత్త ఒక ఊహ చేశాడు. మైటోకాండ్రియా లేని ఏకకణ జీవులు కొన్ని ఉన్నాయి: నీళ్ల విరేచనాలు తెచ్చే జియార్డియా, ట్రైకోమోనాస్, ఈ మైక్రోస్పోరిడియా. ఇవి మైటోకాండ్రియా పుట్టకముందే విడిపోయిన ఆదిమ జీవులై ఉంటాయని ఆర్కిజోవా అని పేరు పెట్టాడు. కొన్నేళ్లకు రైబోజోమ్ ఆర్‌ఎన్‌ఏతో చెట్టు గీస్తే ఇవి నిజంగానే అడుగున వచ్చాయి. అందరూ నమ్మారు.

తర్వాత ఒక్కొక్కటీ జారిపోయింది. మైక్రోస్పోరిడియా శిలీంధ్రాల దగ్గరి చుట్టాలని 1990ల్లో తేలింది, అంటే మీ రెండో సార్ చెప్పింది నేటి మాట. ట్రైకోమోనాస్‌లో హైడ్రోజన్ విడుదల చేసే హైడ్రోజెనోజోమ్ మైటోకాండ్రియాకే మారురూపం. జియార్డియాలో 2003లో మైటోజోమ్‌లు దొరికాయి, అవి కుంచించుకుపోయిన మైటోకాండ్రియాలే. 2016లో చించిల్లా అనే జంతువు పేగుల్లో ఉండే మోనోసెర్కోమోనాయిడిస్‌లో మాత్రం ఏ ఆనవాలూ దొరకలేదు. కానీ దాని బంధువుల్లో చాలావాటికి ఆనవాళ్లు ఉన్నాయి, కాబట్టి ఇది పోగొట్టుకున్నదే.

మరి ఆర్‌ఎన్‌ఏ చెట్టు ఎందుకు మోసం చేసింది? పరాన్నజీవుల జన్యువులు చాలా వేగంగా మారతాయి. అలా వేగంగా మారినవన్నీ ఒకదానితో ఒకటి సంబంధం లేకపోయినా, లెక్కలో పొడవాటి కొమ్మలుగా వచ్చి అడుగున ఒకచోట చేరిపోతాయి. ఒక్క జన్యువుతో చెట్టు గీస్తే ఈ ప్రమాదం ఎప్పుడూ ఉంటుంది. ఇప్పుడు వందల జన్యువులు పెట్టి చూస్తున్నారు.

అన్నా, మీకు పనికొచ్చేది: తల్లి చిలుకను నూరి మైక్రోస్కోప్‌లో చూసి, రోగం లేని గుడ్లే తీసుకునే పద్ధతి. పాశ్చర్ 1860ల్లో ఫ్రాన్స్‌లో పట్టురైతుల కోసం తయారుచేశాడు. పేరు ఏదైనా ఆ పద్ధతి మారలేదు.

దసలి_రైతు
అది చేస్తున్నాం. పరీక్ష చేయించిన గుడ్లే తెచ్చుకోమని మా వాళ్లకు చెప్తూనే ఉన్నాను, చవకని వేరేచోట కొంటారు.

చంద్రపూర్_బాబాయి
చెదపురుగుల కడుపులో కూడా తోకజీవులు ఉంటాయంటారుగా, చెక్క అరిగించేవి. మా ఇంటి తలుపులకు పట్టినవి తీసి మైక్రోస్కోప్‌లో చూడొచ్చా?

సిరోంచ_మాస్టారు
పుట్టలు పెట్టే మన నేల చెదల్లో అవి ఉండవు. ఆ చెదలు పుట్టలో బూజు తోట పెంచుకుని తింటాయి. ట్రైకోనింఫా లాంటి కశాభజీవులు వేరే రకాల చెదల్లో ఉంటాయి.

బల్లార్షా_బీఎస్సీ
కేరళలో మెదడు తినే అమీబా అని వార్తల్లో వచ్చింది కదా. అది అమీబా కాబట్టి సార్కోడినానే కదా? దాంట్లోనైనా గొడవ లేదేమో అనుకున్నాను.

అహేరి_అక్క
దాంట్లోనే ఎక్కువ. నీగ్లీరియా ఫౌలెరై అది. తిండి తక్కువైతే, నీటి పరిస్థితి మారితే, కశాభాలు మొలిపించుకుని ఈదుతుంది, మళ్లీ ముడుచుకుని అమీబా అవుతుంది. బూచ్‌లీ లెక్కన ఉదయం ఒక విభాగం, సాయంత్రం ఇంకో విభాగం. దానికి మామూలు అమీబాతో దగ్గరి చుట్టరికం లేదు. యూగ్లీనా, ట్రిపనోసోమాలున్న డిస్కోబా శాఖ దానిది. మామూలు అమీబా మనవైపు శాఖ.

సిరోంచ_మాస్టారు
సరే, ఇప్పటి చెట్టు ఎలా ఉందో చెప్పమ్మా. పిల్లలకు చెప్పడానికి నాకూ పనికొస్తుంది.

అహేరి_అక్క
సార్, పెద్ద కొమ్మలు మాత్రం చెప్తాను. అంతర్జాతీయ ప్రోటిస్టు శాస్త్రవేత్తల బృందం 2005లో, 2012లో, 2019లో సవరించింది. రాజ్యం, వర్గం లాంటి మెట్లు తీసేసి ఎవరికి ఎవరు దగ్గరో అదే చెప్పారు.

మన కొమ్మ ఓపిస్తోకాంటా. జంతువులు, శిలీంధ్రాలు, వాటి ఏకకణ బంధువులు. కశాభం ఉంటే ఒక్కటే, వెనకనుంచి తోస్తుంది. మన వీర్యకణం అలాగే, కైట్రిడ్ శిలీంధ్రాల ఈదే బీజం అలాగే. జంతువులకు అతి దగ్గరి ఏకకణ చుట్టం కోయానోఫ్లాజెల్లేట్, దాని కశాభం చుట్టూ సన్నటి గరాటు ఉంటుంది. స్పంజికల్లో నీరు తోసే కణాలు అచ్చం అలాగే ఉంటాయని 1860ల్లోనే గమనించారు. 2008లో మోనోసైగా అనే కోయానోఫ్లాజెల్లేట్ జన్యుపటం చదివితే, జంతుకణాలు ఒకదానికొకటి అతుక్కోవడానికి వాడే ప్రోటీన్ల బాపతు జన్యువులు ఒంటరి కణంలోనే ఉన్నాయి.

మొక్కల కొమ్మలో క్లామిడోమోనాస్, వోల్వాక్స్. ఇంకో పెద్ద కొమ్మలో స్ట్రామినోపైల్స్, ఆల్వియోలేట్లు (ప్లాస్మోడియం, డైనోఫ్లాజెల్లేట్లు ఇవే), రైజేరియా. ఆలుగడ్డ మాడు తెగులు తెచ్చే ఫైటోఫ్తోరా ఈ స్ట్రామినోపైల్సే, శిలీంధ్రం కాదు, రెండు కశాభాల బీజాలతో తడి నేలలో ఈదుతుంది. డిస్కోబా సంగతి పైన అయింది. జియార్డియా, ట్రైకోమోనాస్‌లది మెటామొనాడా. వీటిని, డిస్కోబాను కలిపి ఎక్స్‌కవేటా అనేవారు, అది ఒకే కుటుంబమన్న నమ్మకం ఇప్పుడు సడలింది. 2018లో కెనడాలోని నోవా స్కోషియా మట్టిలో దొరికిన హెమిమాస్టిగోట్లు ఏ కొమ్మలోనూ ఇమడక వేరే కొమ్మ అయ్యాయి. వాటిని మైక్రోస్కోప్‌లో చూసినవాళ్లు పంతొమ్మిదో శతాబ్దంలోనే ఉన్నారు, జన్యువులు చదివేదాకా ఎవరి చుట్టాలో తెలియలేదు. చెట్టు వేరు ఎక్కడ పెట్టాలన్నదాని మీద ఇంకా కొట్లాట నడుస్తోంది.

సిరోంచ_మాస్టారు
అంటే అమీబా మనకు దగ్గర, నీగ్లీరియా యూగ్లీనాకు దగ్గర, పుట్టగొడుగు మొక్కకన్నా మనకే దగ్గర. ఇదంతా క్లాసులో చెప్తే ఇన్‌స్పెక్షన్‌కు వచ్చినవాళ్లు నన్ను ఏమంటారో! అయినా నా అభిప్రాయం మారదు. రెండో సంవత్సరం పిల్లలకు బూచ్‌లీ నాలుగు పెట్టెలు ముందు చెప్పి, తర్వాత అవి ఎందుకు పగిలాయో చెప్పాలి. నేరుగా డిస్కోబాతో మొదలుపెడితే సగం మంది పారిపోతారు.

అహేరి_అక్క
నేను ఒప్పుకోను సార్. పగిలిన పెట్టెను ముందు అప్పగిస్తే పిల్లలు దాన్నే మోస్తారు. ఈ చర్చ మొదలైందే అందుకు. యూగ్లీనా, ట్రిపనోసోమా జంటతో మొదలుపెట్టి చూడండి.

బల్లార్షా_బీఎస్సీ
పరీక్షలో సిలబస్‌దే రాస్తాను. సెమినార్‌కు మాత్రం మన జిల్లా ట్రిపనోసోమా కేసు తీసుకుంటున్నాను, యూగ్లీనాతో చుట్టరికం కలిపి. పశువైద్యం సార్, ప్రాణంతో ఉన్న ట్రిపనోసోమాను చూపించగలరా? యూగ్లీనాను మా ఊరి కుంట పచ్చ నీళ్లలో చూశాను.

రాజురా_పశువైద్యం
ఎండాకాలంలో రావద్దమ్మా, దొరకవు. వానలు పడి జోరీగలు ముసిరాక, జ్వరం మీదున్న పశువు వచ్చినప్పుడు కబురు చేస్తాను. అదీ అన్నిసార్లూ దొరుకుతుందని కాదు, క్రిమి రక్తంలో ఒక రోజు ఎక్కువ, ఒక రోజు అసలు కనిపించదు. చెవి సిర నుంచి ఒక చుక్క తీసి, రంగు వేయకుండా పచ్చిగానే కవర్‌స్లిప్ వేసి చూడాలి. ముందు ఎర్రకణాలు ఉలిక్కిపడ్డట్టు పక్కకు జరుగుతుంటాయి, వాటి మధ్య చూడు. చూసిన స్లైడ్‌నే ఆరబెట్టి గీమ్సా రంగు వేస్తే కైనెటోప్లాస్ట్ చిన్న చుక్కలా విడిగా తెలుస్తుంది. కొన్ని ఇవాన్సై రకాల్లో ఆ చుక్క కూడా ఉండదు, కంగారుపడకు. గ్లవ్స్ తెచ్చుకో. చేతికి గాయం ఉంటే మాత్రం ఆ రోజు రావద్దు.